చప్పట్లు కొడుతున్నారు, నమ్మడం లేదు

పేరు బయటపెట్టవద్దని కోరిన ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. ఆయన ఉద్యోగం చేసుకుంటూనే కొన్నేళ్లుగా చిన్న చిన్న సభల్లో, ఆఫీసు వేడుకల్లో మెంటలిజం, అంటే ఎదుటివాళ్ల మనసు చదివినట్టు చూపించే ప్రదర్శనలు ఇస్తున్నారు. షో అరగంట. ముందుగా ప్రేక్షకుల్లోంచి ఒకరిని పిలిచి, చిన్ననాటి స్నేహితుల్లో ఒకరి పేరు తన ప్యాడ్‌లోని చీటీ మీద రాయిస్తారు. మడతపెట్టిన ఆ చీటీ అలా ఉండగానే పేరు చెప్పేస్తారు. తర్వాత మరొకరు చాటుగా గీసిన బొమ్మను తానూ గీసి చూపిస్తారు. ఆపైన పేకముక్కలతో రెండు ఐటమ్‌లు, పుస్తకంలోంచి ఎవరో మనసులో అనుకున్న మాట, ఆఖర్న ముందే అంటించి పెట్టిన కవర్లోంచి సరిగ్గా సరిపోయే అంకె.

"ఒక్కటీ తప్పు పోదు. చప్పట్లు కూడా బాగానే పడతాయి. కానీ షో అవ్వగానే అందరూ అడిగేది ఒకటే, ఆ ప్యాడ్ ఓసారి ఇటివ్వు చూద్దాం అని. మొన్న ఒకాయన నలుగురిలో 'ఆ అమ్మాయి నీ మనిషే కదా' అనేశాడు. ఆమెను నేను చూడటం అదే మొదటిసారి" అని బాధపడ్డారు. ఇదే రంగంలో తలపండిన ఒక పెద్దాయన "నాకు పుట్టుకతోనే ఈ శక్తి ఉందని చెప్పెయ్, సగం పని అయిపోతుంది" అన్నారట. వాళ్ల అక్క మాత్రం అలా చెప్పడం మోసమే అంటోంది. పోనీ, బాడీ లాంగ్వేజ్ చదువుతానని చెప్పుకుంటే సరిపోతుందా అని ఈయన ఆలోచన.

ఈలోగా ఒక షో తర్వాత ఒకావిడ ఆయన్ని పక్కకు పిలిచి, ఇంట్లోంచి వెళ్లిపోయిన తన కొడుకు ఎక్కడున్నాడో చెప్పమని అడిగింది. ఏమనాలో తోచక "బాగానే ఉన్నాడమ్మా" అనేశారు. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. "నమ్మడం లేదని ఇన్నాళ్లూ ఏడ్చాను. ఒకరు నిజంగా నమ్మేసరికి భయం పట్టుకుంది. ఇప్పుడు నేనేం చేయాలి?" అన్నది ఆయన ప్రశ్న.

సమాధానం

మీ రెండు బాధలూ ఒకే చోట పుట్టాయి. ప్రేక్షకుల్ని దేన్ని నమ్మించాలనేది మీరింకా తేల్చుకోలేదు. శక్తిని నమ్మించాలని మీరనుకుంటున్నారు కాబట్టి అది నమ్మనివాళ్లు ప్యాడ్ అడుగుతున్నారు, నమ్మినావిడ కొడుకు గురించి అడిగింది. నన్నడిగితే షోలో నమ్మించాల్సింది అంతకంటే చిన్న విషయం: ఎదురుగా నిలబడ్డ మనిషి మనసులో ఏముందో పట్టుకోవడానికి మీరు ఇప్పుడు, ఇక్కడ, నిజంగా ప్రయత్నిస్తున్నారని. అది నమ్మిన ప్రేక్షకుడు మిగతాది తనే ఊహించుకుంటాడు.

ఇది ఎలాగో మీ మొదటి ఐటమ్‌తోనే చూద్దాం. మీ రహస్యాల జోలికి నేను వెళ్లను, చీటీలో ఏముందో మీకెలా తెలుస్తుందనేది మీ దగ్గరే ఉండనివ్వండి. ప్రేక్షకుడి కుర్చీలోంచి మాత్రం ఒకసారి చూడండి. ఒకమ్మాయి వచ్చింది. పేరు అనుకోమన్నారు, వెంటనే రాయమన్నారు, మడిచింది, మీరు చెప్పేశారు. ఈ వరసలో అతని కళ్లకు ఆనిందల్లా ఆ కాగితం ఒక్కటే. మనసు చదివేవాడికి కాగితంతో పనేంటి? ఈ ప్రశ్న ఎవరూ పైకి అడగరు, కానీ ప్రతి ఒక్కరికీ వస్తుంది. దానికి మీరు జవాబివ్వకపోతే వాళ్లే ఇచ్చుకుంటారు. మీ ప్యాడ్‌ను అందరూ అనుమానించేది అందుకే.

కాబట్టి రాయించడానికి ఒక కారణం చెప్పండి, అదీ పనిగట్టుకుని చెప్పినట్టు ఉండకూడదు. "మధ్యలో మనసు మార్చుకున్నారని రేపు ఎవరూ అనకుండా మీకు సాక్ష్యంగా రాసి దగ్గర పెట్టుకోండి" అంటే చాలు. అప్పుడు కాగితం మీ పనిముట్టుగా కాక ఆమె సాక్ష్యంగా కనిపిస్తుంది. తర్వాత దాన్ని మరిచిపోనివ్వండి. చీటీ ఆమె బ్యాగులోకి వెళ్లాక కాసేపు ఆ స్నేహితురాలి గురించే మాట్లాడండి. ఎక్కడ కలిశారు, ఇద్దరిలో ఎవరు ఎక్కువ అల్లరి, ఎవరు ముందు అలిగేవారు. రాసిన క్షణానికీ మీరు పేరు చెప్పే క్షణానికీ మధ్య ఎంత ఎడం ఉంటే అంత మంచిది. మర్నాడు ఆఫీసులో ఈ సంగతి చెప్పుకునేటప్పుడు "ఊరికే మనసులో అనుకుంది, చెప్పేశాడు" అంటారు. చీటీ ఊసే రాదు. మెంటలిజంలో అసలు ఫలితం ఆ మర్నాటి కబుర్లలోనే తేలుతుంది.

ఇక పేరు చెప్పే పద్ధతి. "ఆ అమ్మాయిని ఇప్పుడు ఒకసారి మనసులో పిలవండి. దూరంగా వెళ్లిపోతుంటే వెనక్కి పిలిచినట్టు." ఆగండి. ఆమె ముఖం చూడండి, నిజంగానే చూడండి. "పొడుగు పేరు కాదు. మూడక్షరాలు. చివర్లో సాగదీసి పిలుస్తున్నారు... వినీత... కాదు. చివర అదే వినిపిస్తోంది గానీ మొదటి అక్షరం నాది తప్పు. ఇంకొక్కసారి పిలవండి." మళ్లీ ఆగండి. "సునీత." పేరు అదే, చీటీ అదే. తేడా ఏమిటంటే ఇప్పుడు హాలంతా ఆ పిలుపు వెంట నడిచింది. వినీత దగ్గర ఆమె ముఖంలో వచ్చిన మార్పును వంద మంది చూశారు. ఆ మార్పును మీరు తయారు చేయలేరు, వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు.

ఒక్కటీ తప్పు పోదని మీరు రాశారు. అది మీ సాధనకు గుర్తే, కాదనను. కానీ చూసేవాడి లెక్క వేరు. ఎప్పుడూ తప్పు పోనిది యంత్రం, లేదా ట్రిక్. మనిషి చేసే కష్టమైన పనిలో తడబాటు ఉంటుంది. 1973లో అమెరికాలో జానీ కార్సన్ టీవీ షోకి, మనసుతోనే చెంచాలు వంచుతానని చెప్పుకునే యూరి గెల్లర్ వచ్చినప్పుడు, జేమ్స్ రాండీ అనే మెజీషియన్ సలహా మీద ఆ షో వాళ్లు వస్తువుల్ని తామే సిద్ధం చేసి, ముందుగా గెల్లర్ మనుషులెవరూ ముట్టుకోకుండా చూశారు. ఇరవై నిమిషాలకు పైగా గెల్లర్ దాదాపు ఏమీ చేయలేకపోయాడు. అంతటితో అతని పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. తీరా చూస్తే పేరు ఇంకా పెరిగింది. ట్రిక్ అయితే ప్రతిసారీ పనిచేసేది కదా, చేయలేదంటే ఇందులో ఏదో ఉంది అనుకున్నవాళ్లు తక్కువమంది కాదు. గెల్లర్ తనకు శక్తి ఉందని చెప్పుకున్నవాడు, ఆ దారిలో వెళ్లమని మీకు చెప్పడం లేదు. తడబాటుకు జనం మీద ఉన్న పట్టు మాత్రం తెలుసుకోవాలి.

అలాగని ప్రతి ఐటమ్‌లోనూ ఒక తప్పు పెడితే అదీ ఒక అలవాటై దొరికిపోతుంది. షో మొత్తంలో ఒకటి రెండు చాలు. ఆ తప్పు కూడా సరైన జవాబుకు ఆనుకుని ఉండాలి. ఆఖరి ఐటమ్‌లో అసలు వద్దు.

దీనికి ఇంకో ముఖం, ఓడిపోయే అవకాశం కళ్లెదుట కనిపించడం. క్రెస్కిన్ అనే అమెరికన్ మెంటలిస్ట్ తన పారితోషికం చెక్కును హాల్లో ఎక్కడైనా దాచమని ప్రేక్షకులకే ఇచ్చేవాడు. వెతికి పట్టుకోలేకపోతే ఆ డబ్బు వదులుకోవాలి. కొన్ని సందర్భాల్లో వదులుకున్నాడు కూడా. తనకు అతీంద్రియ శక్తులు లేవని చెప్పుకున్న మనిషి ఆయన. అయినా ఆ చెక్కు కోసం వెతుకుతున్నంతసేపూ హాలంతా ఊపిరి బిగబట్టి చూసేది. మీరు డబ్బే పణంగా పెట్టనక్కర్లేదు. ఏదో ఒకటి నిజంగా పోయేలా ఉండాలి, అంతే.

ఇందుకు మీకు ఒక మంచి దారి ఉంది, ఎంతో ఇష్టంగా దాన్ని చెబుతున్నాను. వస్తువును దాచిన మనిషి మీ మణికట్టు పట్టుకుని, దాచిన చోటు గురించే ఆలోచిస్తూ ఉంటే, అతని చేతిలోని సన్నని లాగుడును బట్టి మీరు ఆ చోటికి చేరుకోవచ్చు. కండరాల కదలికను చదవడం అంటారు దీన్ని. రాండల్ బ్రౌన్, వాషింగ్టన్ ఇర్వింగ్ బిషప్ లాంటివాళ్లు పందొమ్మిదో శతాబ్దంలోనే ఇందులో పేరు తెచ్చుకున్నారు. ఆలోచన తెలియకుండానే కండరాన్ని కదిలిస్తుందనే సంగతికి విలియం కార్పెంటర్ అనే శాస్త్రవేత్త 1852లోనే ఒక పేరు పెట్టాడు. ఇందులో రహస్యపు కాగితమూ లేదు, కవరూ లేదు. సాధన చేస్తే వస్తుంది, ఒక్కోసారి రాదు. షో మొదట్లో దీన్ని పెట్టుకోండి. మీరు ఒక తప్పు దారి పట్టి, ఆగి, వెనక్కి తిరిగి, చివరికి ఎవరి చెప్పు కిందో ఉన్న తాళంచెవి తీశాక, తర్వాత చేసేవన్నీ ఆ వెలుగులోనే కనిపిస్తాయి. రాని రోజున నవ్వుతూ ఒప్పుకుని ముందుకు వెళ్లండి. దానివల్ల మీకు పోయేదేమీ లేదు.

దీనికి చోటు కావాలంటే కొన్ని తీసేయాలి. పేకముక్కలు ముందు తీసేయండి. అవి చేతిలోకి రాగానే మీరు జనం కళ్లకు మెజీషియన్ అయిపోతారు, అప్పటిదాకా చేసింది కూడా హస్తలాఘవం లెక్కలోకి వెళ్తుంది. 1950లలో బీబీసీలో చాన్ కనాస్టా అనే ఆయన పేకముక్కలతోనే మెంటలిజం చేసి మెప్పించిన మాట నిజమే. కానీ గురి తప్పితే తప్పినట్టే వదిలేసే ధైర్యం ఆయన షో అంతటా ఉండేది. అంత అలవాటు అయ్యేదాకా ముక్కలు మీకు వద్దు. ఆఖరి కవరు గురించి కూడా ఆలోచించండి. అరగంట సేపు మనసు చదివిన మనిషి ఉన్నట్టుండి రేపటిది ఎలా చెప్పాడు? అది వేరే శక్తి. ఒకే మనిషి అన్నీ, అదీ ఒకే సులువుతో చేసేస్తే ఏదీ నమ్మబుద్ధి కాదు. ఉంచుకోవాలనుకుంటే, ఆ అంకె వైపు మీరే ఆమెను మాటలతో నడిపించినట్టుగా దాని కథ మార్చండి. లేదంటే వదిలేయండి. పేరు, బొమ్మ, పుస్తకంలో మాట, దాచిన వస్తువు. అరగంటకు నాలుగు ఎక్కువే.

"నీ మనిషే కదా" అన్న అనుమానానికి మాటలతో జవాబు చెప్పకండి. "మనం ఇంతకుముందు కలవలేదు కదండీ" అని స్టేజి మీద అడిగించడం చాలామందికి అలవాటు. ఆ అనుమానం లేనివాడికి కూడా అది అప్పుడే పుట్టుకొస్తుంది. ఒక కాగితం ఉండ చేసి వెనక్కి తిరిగి విసరండి. పట్టుకున్నవాళ్లను మళ్లీ వెనక్కే విసరమనండి. మూడో చేతికి అందినవాళ్లు వస్తారు. ఎంపికలో మీ చేయి లేదని అందరూ చూశారు, ఇక చెప్పాల్సింది లేదు. ఇంకొకటి, వచ్చిన మనిషిని సహాయకురాలిలా నిలబెట్టి ఇది పట్టుకోండి, అది రాయండి అని పనులు చెబుతుంటే ఆమె మీ మనిషిలాగే కనిపిస్తుంది. ఆమెను మాట్లాడనివ్వండి. మీరు ఊహించని జవాబు ఆమె ఒక్కటి చెప్పి, దానికి మీరు నిజంగా నవ్వితే ఆ అనుమానం సగం చచ్చిపోతుంది.

ఇక అసలు చిక్కు, మీరేమని చెప్పుకోవాలి.

పెద్దాయన చెప్పినట్టు శక్తి ఉందంటే పని సులువవుతుంది, అందులో అబద్ధం లేదు. జనం ఎక్కువ వస్తారు, ప్యాడ్ అడిగేవాళ్లు తగ్గుతారు. కానీ ఒకసారి వదిలిన నమ్మకాన్ని వెనక్కి పిలవడం మీ చేతిలో ఉండదు. 1848లో అమెరికాలో ఫాక్స్ అక్కచెల్లెళ్లు ఆత్మలు టకటకమని తట్టి తమకు జవాబిస్తున్నాయన్నారు. దాని చుట్టూ పెద్ద ఉద్యమమే లేచింది. నలభై ఏళ్ల తర్వాత, 1888లో, వాళ్లలో మార్గరెట్ న్యూయార్క్‌లో స్టేజి ఎక్కి, అది తన కాలి వేళ్ల కీళ్ల చప్పుడేనని అందరికీ వినిపించేలా చేసి చూపించింది. అయినా నమ్మినవాళ్లు నమ్ముతూనే ఉన్నారు. చేసిన మనిషే వచ్చి కాదన్నా ఆగని నమ్మకం అది. మీరు ఆ దారి ఎంచుకుంటే కొడుకు కోసం అడిగే ఆవిడలు ప్రతి షో తర్వాతా వస్తారు. ఒక్కావిడ అడిగితేనే మీకు నిద్ర పట్టలేదంటే ఆ దారి మీది కాదని నా ఉద్దేశం. మీ అక్క మాట విలువైనది.

బాడీ లాంగ్వేజ్ అని చెప్పుకోవడం అంతకంటే నయంగా కనిపిస్తుంది, కొంతవరకు నయమే. చిక్కు ఏమిటంటే, జనం దాన్ని పాఠంలా ఇంటికి తీసుకెళ్తారు. "అబద్ధం చెప్పేవాళ్ల కళ్లు ఫలానా వైపు తిరుగుతాయి" అని మీరు షోలో అంటే, రేపు ఎవరో భార్యనో, పిల్లాడినో ఆ లెక్కన నిలదీస్తారు. మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్, ఆయన సహచరులు 2012లో దీన్ని పరీక్షించి, కళ్లు తిరిగే దిక్కుకూ అబద్ధానికీ సంబంధం కనిపించలేదని తేల్చారు. చెప్పాలనుకుంటే నిజమైనవే చెప్పండి, అవి ఇంకా రుచిగా ఉంటాయి. క్లెవర్ హాన్స్ అనే గుర్రం లెక్కలకు జవాబును గిట్టతో తట్టి చెప్పేది. అడిగేవాళ్ల తల తెలియకుండానే రవ్వంత కదలగానే అది తట్టడం ఆపుతోందని ఆస్కార్ ఫుంగ్‌స్ట్ 1907లో నిరూపించాడు. తర్వాత ఆయనే గుర్రం స్థానంలో కూర్చుని, అంకె అనుకున్నవాళ్ల తలల్ని చూస్తూ జవాబులు చెప్పాడు. దాచిన వస్తువు ఐటమ్ ముందు ఈ సంగతి చెబితే ఎంత బాగుంటుందో ఊహించుకోండి. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

ఏమీ చెప్పకుండా ప్రేక్షకుడికే వదిలేయడం మరో పద్ధతి. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్‌లోని చాంగీ ఖైదీల శిబిరంలో ఉన్న సిడ్నీ పిడింగ్టన్ అక్కడే ఈ విద్యకు రూపం ఇచ్చుకుని, తర్వాత భార్య లెస్లీతో కలిసి 1949లో బీబీసీ రేడియోలో ప్రదర్శించాడు. ఆయన స్టూడియోలో, ఆమె మైళ్ల దూరంలో. స్టూడియోలో ఎంచుకున్న వాక్యాన్ని ఆమె అక్కడి నుంచి పలికేది. ఇది టెలిపతీ అని ఆయన అనలేదు, కాదనీ అనలేదు. నిర్ణయం మీదే అని ముగించేవాడు. ఆ మాటతో జనం ఇళ్లల్లో వాదించుకున్నారు. ఈ పద్ధతిలో మర్యాద ఉంది, ఆకర్షణా ఉంది. కాకపోతే అప్పటికే నమ్మాలని తపించే మనిషి ఆ మౌనాన్ని అవునని అర్థం చేసుకుంటుంది. అందుకని ఈ దారి పట్టేవాళ్లకు స్టేజి దిగాక చెప్పే మాట ఒకటి సిద్ధంగా ఉండాలి.

నేనైతే మీకు ఈ రెంటినీ కలిపి చేయమంటాను. షో మొదట్లో ఒక్క వాక్యం, "నేను చేసేది ప్రదర్శన. ఇందులో కొంత గమనింపు, కొంత సాధన, కొంత నేను చెప్పనిది" అని. ఇది చెబితే నమ్మకం చచ్చిపోతుందని భయపడకండి. ముందే నిజాయితీగా మాట్లాడిన మనిషి తర్వాత సునీత దగ్గర ఆగి తడబడితే, ఆ తడబాటు ఇంకా నిజంగా అనిపిస్తుంది.

ఆ తల్లి విషయం మాత్రం ఈ షోలన్నిటికంటే ముందు. ఆ రోజు షో పెట్టించినవాళ్ల ద్వారా ఆమె ఫోన్ నంబరు దొరుకుతుందేమో కనుక్కోండి. దొరికితే మెసేజ్ పెట్టి ఊరుకోకండి, మాట్లాడండి. "అమ్మా, నేను స్టేజి మీద ప్రదర్శన ఇచ్చేవాణ్ని. మీ అబ్బాయి గురించి తెలుసుకునే దారి నాకు లేదు. ఆ రోజు మీ బాధ చూసి అలా అనేశాను" అని చెప్పండి. ఆమె కోప్పడవచ్చు, ఏడవవచ్చు, మీరు కావాలనే దాస్తున్నారనీ అనుకోవచ్చు. అయినా చెప్పాలి. బాగానే ఉన్నాడన్న ధీమాతో ఆమె వెతకడం ఆపేసి ఉంటే ఒక్కో రోజూ విలువైనదే. పోలీసు ఫిర్యాదు ఇచ్చారా, తోడుగా ఎవరైనా ఉన్నారా అని అడగండి. లేకపోతే ఆ పనిలో ఒకరిని కుదర్చండి. అది మీరు చేయగలిగిన సాయం. నంబరు దొరకకపోతే ఆ భారం కొంతకాలం మీతోనే ఉంటుంది, దాన్ని తేలిక చేసే మాట నా దగ్గర లేదు.

ఇకముందు ఎవరైనా అలా అడిగితే చెప్పే మాటను ఇప్పుడే రాసుకుని, ఐటమ్‌ను రిహార్సల్ చేసినట్టే దాన్నీ చేయండి. ఆ క్షణంలో మీకున్న దయే మీ చేత అబద్ధం ఆడిస్తుంది, అందుకే ముందే నోటికి అలవాటు కావాలి. షోలో అడిగే వాటిని కూడా చూసుకోండి. "చిన్ననాటి స్నేహితుల్లో ఒకరు" అంటే కొందరికి చనిపోయినవాళ్లే గుర్తొస్తారు. "తలుచుకోగానే నవ్వొచ్చే మనిషి, ఇప్పటికీ ఫోన్ చేస్తే పలికే మనిషి" అని అడగండి. చావు, జబ్బు, తప్పిపోయినవాళ్లు, పెళ్లి కుదరడం, వీటి దరిదాపుల్లోకి వెళ్లకండి.

ఆ పెద్దాయనతో తగువు పెట్టుకోవాల్సిన పని లేదు. శక్తి గురించి ఆయన ఇచ్చిన సలహా పక్కన పెట్టి, కుదిరితే ఆయన షోకి వెళ్లి వెనక వరసలో కూర్చోండి. ఆయన చేతుల్ని చూడకండి. ఎక్కడ మాట ఆపుతున్నారో, ఆపినప్పుడు ఎవరి వైపు చూస్తున్నారో గమనించండి. అన్నేళ్లు స్టేజి మీద నిలబడినవాళ్ల దగ్గర అది తప్పకుండా నేర్చుకునేలా ఉంటుంది.